బిరడా

అక్టోబరు చివరి ఆదివారం.
సరస్సు అంచు పొద్దున్నే పెళుసుగా పలికింది,
గాజు గిన్నెకు చెంచా తగిలినట్టు.
"ఇక చాలు," అన్నాడు ఓస్మో,
నాతో కాదు, పడవతో.

టీరా దాని పేరు.
మా ఫిన్నిష్‌లో అదొక నీటిపిట్ట.
ఆ పిట్ట ఆగస్టులోనే లేచిపోతుంది
భూగోళం అడుగుదాకా.
మా టీరా మాత్రం
రెండు వందల అడుగులు కదిలి గరాజుకొస్తుంది.

గరాజు పొడవు పదమూడు అడుగులు.
పడవ పొడవు పదమూడు అడుగుల జానెడు.
ఈ జానెడు గురించి
ఇరవై రెండేళ్లుగా మా ఇంట్లో వాదన.
గోడ తప్పు కట్టింది మీ తమ్ముడంటాడు ఆయన,
కొనేముందు కొలవనిది ఎవరంటాను నేను.
చివరికి ఐమూలగా తోస్తాం,
ముక్కు ఉల్లిగడ్డల అర కిందికి
తోక పాత కుట్టుమిషను పక్కకి.
తలుపు ఒక్క గొళ్లెం మీద నిలబడుతుంది.
నా కారు బయటే, మంచులో.
పొద్దున్నే దాని అద్దం గీక్కుంటూ నేననే మాటలు
రాయదగినవి కావు.

ఈ ఏడు ఆయన భుజానికి కోత పడింది.
స్టూలు మీద కూర్చుని
ఒంటిచేత్తో గాలిలో బొమ్మలు గీస్తూ
"ఎడమకి, హెల్కా! నీ ఎడమ కాదు, పడవ ఎడమ."
ట్రైలరు పట్టడానికి పక్కింటి ఒన్ని వచ్చాడు.
పద్నాలుగేళ్లు, మాట్లాడితే
ముత్యాలు రాలిపోతాయనుకునే రకం.
తెరచాప కొయ్యని చూరు కింద
మూడు కొక్కేలకు ఎక్కించి
చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

తాళ్లు స్నానాల తొట్టిలో నానాయి.
వేసవి అంతా టీ రంగులో దిగింది.
తెరచాప నేనే మడిచాను.
మడతలో ఒక పైన్ సూది,
జూలైలో ఒలికిన బ్లూబెర్రీ రసం,
పోయినేడు ఎలుక కొరికిన చోట
ఓస్మో పైజామా గళ్లగుడ్డతో నేను వేసిన అతుకు.
గాలికి గళ్లూ చారలూ తేడా తెలియదు.

చక్రాల కింద పలకలు పెట్టి
అడుగున బిరడా ఊడదీశాం.
పావుగంట కారింది, అలిగి అలిగి.
"ఆఖరి చుక్కే చెడ్డది," అన్నాడు.
"గడ్డకట్టి అదే చీలుస్తుంది."

పడవ గురించే అనుకున్నాను.
ఆ రాత్రి ఆయన మేలుకుని
మూలుగు పైకి రానివ్వకుండా పడుకునుంటే
దీపం వేసి కూర్చున్నాను.
చెప్పు, అన్నాను.
చాలాసేపు చెప్పలేదు.
తర్వాత, గోడతో:
"వచ్చే ఏడు తాడు లాగలేనేమో."
నేను లాగుతాలే అనలేదు.
దుప్పటి సర్దాను, అంతే.

బిరడా ఈసారి నా కోటు జేబులో వేసుకున్నాను.
కిందటి శీతాకాలం చెంచాల సొరుగులో దాచి
మే నెలలో ఇల్లంతా వెతికి
ఆఖరికి బంగాళాదుంప చెక్కి బిగించిన సంగతి
ఊళ్లో ఇంకా చెప్పుకుంటున్నారు.

జనవరిలో రొట్టెల కొట్లో
చిల్లర తీస్తే నాణేలతో పాటు అదీ
అమ్మాయి అరచేతిలో పడింది.
నల్లటి రబ్బరు, బొటనవేలంత.
"ఇది చెల్లదండీ," అంది.
"జూన్ దాకా," అన్నాను.

ఇంటికి అడ్డదారిన, సరస్సు మీదుగా వచ్చాను.
మంచులో ఎవరో నాటిన కొమ్మలు
దారి చూపిస్తున్నాయి.
జూలైలో గాలి పడిపోయి
టీరా గంటన్నర కదలక నిలిచిన చోటు
నాలుగడుగుల తేడాలో ఇక్కడే.
గాలి కోసం ఓస్మో ఈల వేశాడప్పుడు,
నేను నవ్వితే రెండు తెడ్లూ నాకే ఇచ్చాడు.
ఇప్పుడు గాలికి కొదవలేదు, బుగ్గలు కోస్తోంది.
కోటు లోపల రొట్టె వెచ్చగా ఉంది.
కాళ్ల కింద మూరెడు గడ్డ,
దాని కింద నీళ్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి.
సరస్సు తన బిరడా తానే బిగించుకుంది.
నాదాన్ని జేబులో వేళ్ల మధ్య తిప్పుకుంటూ నడిచాను.

దూరాన మా గరాజు.
సరిగ్గా పడని తలుపు సందులోంచి
జానెడు పసుపు వెలుగు.
ఓస్మో లోపలున్నాడు.
అక్కడ పనేమీ లేదు
ఏప్రిల్ దాకా.